పన్ను ట్రిబ్యునళ్లలో ఖర్చుల ఉత్తర్వులు (బ్రిటన్)

పన్ను వివాదం విచారణలో అడ్డదిడ్డంగా నడుచుకున్న పక్షం చేత ఎదుటివారి వకీలు ఫీజులు, ఇతర దావా ఖర్చులు కట్టించే ఆదేశమే ఖర్చుల ఉత్తర్వు. బ్రిటన్ సివిల్ కోర్టుల్లో ఓడినవారు గెలిచినవారి ఖర్చులు భరించడం మామూలు. పన్ను ట్రిబ్యునళ్లు చాలావరకు ఆ దారిన పోలేదు. ఓడితే ప్రభుత్వ న్యాయవాదుల ఫీజు కూడా నెత్తిన పడుతుందంటే చిన్న వ్యాపారి న్యాయమైన అప్పీలు సైతం వేయడు. ఈ రంగంలో ఖర్చులు ఓటమితో కాక ప్రవర్తనతో ముడిపడడానికి కారణం అదే.

ఆదాయపు పన్ను 1799లో వచ్చింది. స్థానికంగా అప్పీళ్లు వినే జనరల్ కమిషనర్లు జీతం లేని సామాన్య పౌరులు; ఖర్చులు ఇప్పించే అధికారం వారికి లేదు. 1973లో వచ్చిన విలువ ఆధారిత పన్ను (వ్యాట్) కథ వేరు. ఆ ట్రిబ్యునళ్లకు ఖర్చుల విషయంలో విచక్షణ ఉండేది. దాంతో అప్పీలుదారులు బెదిరిపోకుండా, 1978 నవంబరులో ఆర్థిక శాఖ జూనియర్ మంత్రి రాబర్ట్ షెల్డన్ పార్లమెంటులో ఒక హామీ ఇచ్చారు: సాధారణంగా వ్యాట్ వసూలు చేసే కస్టమ్స్ శాఖ ఖర్చులు అడగదు. పెద్ద, చిక్కు కేసులను మినహాయించారు. పస లేని అప్పీళ్లు, సంజాయిషీ లేని గైర్హాజరు, ముందే బయటపెట్టాల్సిన సాక్ష్యాన్ని విచారణ రోజున తీయడం వంటివాటినీ మినహాయించారు. ఎలాంటి ప్రవర్తన సహకరించకపోవడం అవుతుందో ఈ ప్రకటన స్పష్టంగా చెప్పింది. అయితే అది శాఖ ఇచ్చిన మాటే గాని చట్టం కాదు.

1994 నిబంధనలతో, ఆదాయపు పన్ను అప్పీళ్లు వినే మరో సంస్థ అయిన స్పెషల్ కమిషనర్లకు పరిమిత అధికారం వచ్చింది. ఒక పక్షం పూర్తిగా అసమంజసంగా నడుచుకుంటేనే ఖర్చులు వేయవచ్చు. అది చాలా ఎత్తైన గడప. 2009 ఏప్రిల్ 1న పాత సంస్థలన్నీ పోయి ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ పన్ను విభాగం ఏర్పడినప్పుడు, దాని నిబంధనావళిలోని 10వ నిబంధనలో ‘పూర్తిగా’ అన్న షరతు తొలగిపోయింది. అప్పీలు వేయడంలో గాని, ఎదుర్కోవడంలో గాని, నడపడంలో గాని అసమంజసత ఉంటే చాలు. న్యాయవాది నిర్లక్ష్యం వల్ల వృథా అయిన ఖర్చులను అతని చేతే కట్టించవచ్చు. సంక్లిష్ట కేసుల్లో మాత్రం ఓడినవారిపై ఖర్చులు పడవచ్చు. అది వద్దనుకునే అప్పీలుదారు 28 రోజుల్లో ఆ ఖర్చుల విధానం నుంచి తప్పుకోవచ్చు. ఎవరిపైనైనా ఉత్తర్వు వేసేముందు వారి వాదన వినాలి. వ్యక్తి అయితే ఆర్థిక స్తోమతనూ చూడాలి. నిబంధన మొత్తంలో అత్యంత మానవీయమైన భాగం ఇదే.

2012లో కటానా కేసులో, పై మెట్టు అయిన అప్పర్ ట్రిబ్యునల్ ఈ అసమంజసతకు హద్దులు గీసింది. గెలవదని తెలియాల్సిన అప్పీలు వేయడం, బలమైన అప్పీలును ఊరికే అడ్డుకోవడం, ఆదేశాలను పదే పదే పెడచెవిన పెట్టి ఎదుటివారికి నష్టం తేవడం అసమంజసమే. ఈ కొలత పన్ను శాఖకూ వర్తిస్తుంది.

ఖర్చులతో సరిపోని మొండితనానికి ఇంకా పెద్ద శిక్ష ఉంది. విద్యాసంస్థ బీపీపీ పుస్తకాల వ్యాట్ వివాదంలో, తన వాదన వివరాలు ఇవ్వాలన్న ఆదేశాన్ని బ్రిటన్ పన్ను శాఖ సరిగా పాటించలేదు. 2014లో ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్ ఆ శాఖను కేసులో పాల్గొనకుండా నిషేధించింది. అప్పర్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసినా, అప్పీలు కోర్టు పునరుద్ధరించింది. 2017 జులైలో లార్డ్ న్యూబర్గర్ తీర్పుతో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. ప్రజల ఖజానా పేరు చెప్పి ట్రిబ్యునల్ ఆదేశాల నుంచి మినహాయింపు కోరే వీలు ప్రభుత్వానికి లేదని ఈ కేసు నుంచి గట్టిగా తేలింది.

పోలికకు, భారతదేశంలో 1941లో ఏర్పడిన ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్‌కు ఇలాంటి అధికారం 1999లో వచ్చింది. 1961 చట్టంలో చేర్చిన 254(2బి) సెక్షన్ అప్పీలు ఖర్చులను ట్రిబ్యునల్ విచక్షణకు వదిలింది. ఏయే ప్రవర్తనకు ఖర్చులు వేయాలో బ్రిటన్ నిబంధనలా ఆ సెక్షన్ విడమర్చలేదు. హైదరాబాదు, విశాఖపట్నం బెంచీలు సహా దేశంలోని ప్రతి బెంచీ దాన్ని కేసును బట్టి తేల్చుకోవాల్సి వచ్చింది.