వైగై నది: కొండల నుంచి చెరువుల దాకా

మదురైలో వంతెన మీదుగా బస్సు వెళ్తుంటే మీరు కిందికి చూసే ఉంటారు. వెడల్పాటి ఇసుక, గడ్డి, మధ్యలో సన్నని నీటి పాయ. "ఇదేనా నది?" అని పిల్లలు అడుగుతుంటారు. అవును, ఇదే. మరి నీళ్లు ఏమయ్యాయి? రండి, మొదటి నుంచి చూద్దాం.

పుట్టుక: వైగై తేని జిల్లాలో, పడమటి కనుమల్లోని వరుసనాడు కొండల్లో పుడుతుంది. మొదట ఉత్తరంగా పారి, కంబం లోయ నుంచి వచ్చే సురుళియారును కలుపుకుని, తర్వాత ఆగ్నేయంగా తిరుగుతుంది. పొడవు సుమారు 258 కిలోమీటర్లు.

కొండ దాటి వచ్చే నీళ్లు: కనుమలకు అవతలి వైపు వానలెక్కువ. అక్కడి పెరియార్ నది పడమరకు పారుతుంది. జాన్ పెన్నిక్విక్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1895లో ముల్లపెరియార్ ఆనకట్ట పూర్తయింది. కొండలో తొలిచిన సొరంగం గుండా ఆ నీళ్లు ఇటు మళ్లి వైగైలో కలుస్తాయి. 1959లో ఆండిపట్టి దగ్గర వైగై ఆనకట్ట కట్టారు.

నగరంలో: తెలుగు మాట్లాడిన మదురై నాయక రాజుల్లో పేరున్నవాడు తిరుమల నాయకుడు (1623–1659). ఆయన తవ్వించిన వండియూరు తెప్పకుళానికి నీళ్లు వైగై నుంచే వస్తాయి. చిత్రా పౌర్ణమికి అళగర్ స్వామి నదిలో దిగే వేడుకకు, నది ఎండితే ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతారు.

మైదానంలో: మానామదురై, పరమకుడి దాటి నది రామనాథపురం చేరుతుంది. దారిపొడవునా కాలవలు నీళ్లను చెరువులకు తీసుకెళ్తాయి. అందుకే సముద్రం దాకా వెళ్లేది చాలా తక్కువ. ఇక్కడో మాట గుర్తుంచుకోండి: నగరంలో మనం నదిలో పారేసిన చెత్త, వదిలిన మురుగు కింది ఊళ్ల వైపే పోతాయి. ఆ చెరువుల కింద వరి పండించేవాళ్లున్నారు.

తల్లిదండ్రులకు: ఎండిన నదిలో పిల్లల్ని ఆటలకు పంపకండి. ఇక్కడ వాన లేకపోయినా, ఆనకట్ట తెరిస్తే నీళ్లొస్తాయి. హెచ్చరిక వస్తే ఒడ్డుకు కూడా వెళ్లనివ్వొద్దు.

పిల్లలకు: మీ తాతయ్య, అమ్మమ్మ చిన్నప్పుడు వైగై ఎలా ఉండేదో అడగండి. వాళ్లు చెప్పింది తెలుగు నోటుబుక్కులో పది వాక్యాలుగా రాసి తీసుకురండి.