నీళ్ళు తాగే పెంకు, తాగని టైలు

మృగశిర కార్తె లోపు డాబా పని ముగించాలని ఇప్పుడు ఊరూరా మేస్త్రీల కోసం వెతుకులాట. ఏటా ఈ రోజుల్లో నాకు పాత మిద్దెలు గుర్తొస్తాయి.

నేలకు పలకలు పరవడం మనకు కొత్త కాదు. రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో, సుమారు నాలుగున్నర వేల ఏళ్ళ నాటి హరప్పా ఇంట్లో, ఒకదాన్నొకటి కోసుకునే వృత్తాల నగిషీతో పలకల నేల బయటపడింది. అక్కణ్ణుంచి శతాబ్దాలు దాటి హైదరాబాదు వస్తే, బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో 1611 నాటి రంగు పలకలు మెరుస్తాయి. అయితే అవి గోడకు పొదిగినవి. ఎండావానా మోసే డాబా కథ వేరు.

ఆ కథలో నాకు ప్రాణమైన ఘట్టం మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా, ఐమూలగా డంగు సున్నంతో పేర్చేవారు. ఆ సున్నం ఎద్దు తిప్పే గానుగలో వెన్నలా నలిగేది. పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచాక, ఆడకూలీలు వరసగా గొంతుక్కూర్చుని, బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు చిలకరిస్తూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. కొట్టిన చెక్క దిగబడక తిరిగి ఎగిరితేనే గచ్చు కుదిరినట్టు. ఆఖరున చదును పెంకులు, కీలు మీద కీలు పడకుండా రెండు మూడు వరసలు. నానబెట్టిన పెంకు సున్నంలోని తడిని ఒక్కసారిగా లాగేయదు. దాని రంధ్రాల్లో సున్నం మెల్లగా వేళ్ళూనుకుంటుంది. మా అమ్మమ్మగారి మిద్దె పడగొట్టినప్పుడు గునపానికి పెంకు రెండుగా విరిగింది గానీ సున్నాన్ని వదల్లేదు. ఆ ముక్క ఇప్పటికీ నా బల్ల మీదుంది.

సిమెంటు స్లాబుతో గానుగ ఆగింది. పింగాణీ ముక్కల తెల్ల డాబాలు, మొజాయిక్, గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీల్లో దిగే విట్రిఫైడ్ టైల్స్ అన్నీ కలగలిసి వచ్చాయి. విట్రిఫైడ్ టైలు అర శాతం నీళ్ళయినా పీల్చదు. దాన్ని ఒట్టి సిమెంటు ముద్దల మీద కూర్చోబెడితే పట్టు దొరకదు, ముద్దల మధ్య ఖాళీల్లో వాననీరు చేరుతుంది. పాలిమర్ కలిసిన టైల్ గమ్మును పళ్ళ తాపీతో గీసి పరచాలి, టైలు వెనక కూడా పూయాలి. మధ్యాహ్నం ఎండకు సాగి రాత్రికి ముడుచుకునే టైళ్ళకు సందులు వదలాలి. పిట్టగోడ దగ్గర కూడా ఖాళీ ఉంచి, మెత్తని సీలెంటుతో నింపాలి. నూరు అడుగులకు ఒక అడుగైనా వాటం ఇవ్వాలి.

మొన్న మా డాబా టైళ్ళను తాపీ పిడితో తట్టుకుంటూ పోయాను. ఒకటి టక్కుమంది, పక్కది డొల్లగా మోగింది. లేపి చూస్తే నాలుగు మూలలా నాలుగు ముద్దలు. టైలు వెనక చిన్న మరకైనా లేదు.