రిజిస్టరులో పుట్టినరోజు

మా 1986 పదో తరగతి బ్యాచ్‌లో చాలామందికి రెండు పుట్టినరోజులు. ఒకటి అమ్మకు గుర్తున్నది, రెండోది బడి అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నది. తేదీ గుర్తులేక కొందరు తల్లిదండ్రులు, రేపు ఉద్యోగానికి వయసు కలిసొస్తుందని ఇంకొందరు, పిల్లల్ని చేర్పించేటప్పుడు జూలై 1 అని రాయించేవారు. 1989లో మాలో ఎవరు ఓటరో, ఎవరు కాదో తేల్చింది ఆ రెండో తేదీయే.

రాజ్యాంగం 326వ అధికరణంలో ఓటుకు మొదట పెట్టిన వయసు 21 ఏళ్లు. బ్రిటన్ 1969లో దాన్ని 18కి తగ్గిస్తూ చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను వియత్నాం యుద్ధానికి పంపుతూ, ఓటుకు మాత్రం 21 దాకా ఆగమనడం ఏం న్యాయమన్న ప్రశ్న అమెరికాలో బలపడి, 1971లో అక్కడా తగ్గింది. మన దేశంలో కొన్ని రాష్ట్రాలు స్థానిక సంస్థల ఎన్నికల్లో 18 ఏళ్లను ముందే పాటించాయి. రాజీవ్ గాంధీ ప్రభుత్వం తెచ్చిన 61వ రాజ్యాంగ సవరణను 1988 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది. యువతకు చదువు, రాజకీయ చైతన్యం ఉన్నా ప్రాతినిధ్యం లేదన్నది బిల్లుకు చెప్పిన కారణం. 1989 మార్చి 28న సవరణ అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది ఓటర్ల జాబితాకు ఏప్రిల్ 1 నాటికి 18 నిండాలన్నారు.

చట్టం ఢిల్లీలో మారింది. మా ఊరికి దాన్ని తెచ్చింది మన సాంఘిక శాస్త్రం మాస్టారు. అప్పటికి మేం బడి వదిలి మూడేళ్లయింది. అయినా ఒక ఆదివారం మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి 6వ నంబరు ఫారాలు నింపించారు. "ఓటు ఎవరికి వేయాలో నన్నడగొద్దు. జాబితాలో పేరుందో లేదో మాత్రం నాకు చెప్పండి" అన్నారు. మర్నాడు మాతోపాటు ఎమ్మార్వో ఆఫీసుకు వచ్చారు.

నా పేరు ఎక్కింది. నా పక్క బెంచీ మిత్రుడిది ఎక్కలేదు. వాడు 1971 సంక్రాంతికి పుట్టాడు. రిజిస్టరులో మాత్రం 1971 జూలై 1. మూడు నెలల తేడాతో ఆగిపోయాడు. మాస్టారు ఎంత చెప్పినా కాగితం మీదున్న తేదీయే నిలిచింది. లోక్‌సభకు వాడి తొలి ఓటు 1991లో.

1989 నవంబరులో లోక్‌సభకు, మన అసెంబ్లీకి ఎన్నికలు కలిసి జరిగాయి. అంతకుముందు మమ్మల్ని జెండాలు కట్టడానికే పిలిచేవారు. ఆసారి అభ్యర్థులు రచ్చబండ దగ్గర ఆగి, ఏం కావాలని మమ్మల్నే అడిగారు. పొద్దున కాలేజీ వేళకు బస్సు కావాలన్నాం. అడిగినవాళ్లలో ఓటు లేని మా మిత్రుడే అందరికంటే గట్టిగా మాట్లాడాడు. బస్సు వెంటనే రాలేదు. కానీ మా మాట పుస్తకంలో రాసుకోవడం చూసింది అదే మొదటిసారి.

ఆ తర్వాత చాలా ఏళ్లు జనవరి 1 ఒక్కటే లెక్క. జనవరి 2న 18 నిండినవాడు ఏడాది ఆగాల్సిందే. 2021లో చట్టం సవరించాక జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ లెక్కకు వస్తున్నాయి. 17 నిండితే ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. సర్పంచి కావాలంటే 21, ఎమ్మెల్యే కావాలంటే 25 ఏళ్లు ఇప్పటికీ నిండాలి. అందుకే పద్దెనిమిదేళ్లవారికి ఓటే పెద్ద బలం.

మన సంఘం బెంచీలు, స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. సంతోషం. దానికి ఇంకొకటి కలపమని నా మనవి. బడి వదిలి రెండేళ్లయిన పిల్లల్ని ఏటా ఒక ఆదివారం అదే వేపచెట్టు కిందికి పిలుద్దాం. ఫారం నింపిద్దాం, పుట్టినతేదీ సరిచూద్దాం. ఊళ్లో ఏం మారాలో వాళ్లనే అడిగి రాసుకుందాం. ఎవరికి వేయాలో మాత్రం చెప్పొద్దు. మాస్టారు మాకు చెప్పలేదు.