మోటార్ సైకిల్ చైన్, స్ప్రాకెట్లు: మార్పిడి, గేరింగ్ ఎంపిక

మోటార్ సైకిల్ గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రానికి శక్తిని చేరవేసేవి మూడు భాగాలు: గేర్‌బాక్స్ షాఫ్ట్ మీది చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి బిగించిన పెద్ద స్ప్రాకెట్, రెండింటినీ కలిపే రోలర్ చైన్. స్పేర్ పార్ట్స్ షాపుల్లో మూడింటినీ కలిపి చైన్ కిట్ అంటారు. ఇప్పటి రోలర్ చైన్‌కు మూలమైన నమూనాకు 1880లో పేటెంట్ పొందినవాడు హాన్స్ రెనాల్డ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడ్డాడు. మన దగ్గర బాగా అమ్ముడయ్యే రోలాన్ చైన్లు కోయంబత్తూరుకు చెందిన ఎల్‌జీబీ కంపెనీవి.

చైన్ పలకల మీద కొట్టి ఉండే సంఖ్యే దాని కొలత. 428లో మొదటి అంకె పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరాన్ని అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన చెబుతుంది. నాలుగు వంతులంటే 12.7 మిల్లీమీటర్లు. 520 చైన్‌లో అదే దూరం 15.875 మిల్లీమీటర్లు. మిగతా రెండంకెలు లోపలి వెడల్పుకు గుర్తు. చిన్న బళ్లలో ఎక్కువగా 428, పెద్దవాటిలో 520, 525, 530 వాడతారు.

అరుగుదల

వాడేకొద్దీ చైన్ పొడవు పెరగడానికి కారణం ఇనుము సాగడం కాదు. పిన్నుకూ దాని చుట్టూ ఉండే బుష్‌కూ మధ్య ప్రతి కీలు దగ్గరా వెంట్రుకవాసి అరుగుతుంది. వందకు పైగా లింకుల్లో ఆ అరుగుదలంతా కలిసి చైన్ వదులవుతుంది. కొత్త 428 చైన్‌లో 20 లింకుల పొడవు 254 మిల్లీమీటర్లు. అది 259కి చేరితే, అంటే రెండు శాతం పెరిగితే, దాని పని అయిపోయినట్టే. స్కేలు లేకపోతే వెనక స్ప్రాకెట్ చివరి వైపున చైన్‌ను వేళ్లతో పట్టి లాగి చూడాలి. పన్ను సగానికి పైగా బయటపడితే మార్చే వేళ వచ్చింది.

పొడవు పెరిగిన చైన్ పళ్ల మొదట్లో కూర్చోదు, పైకెక్కి లాగుతుంది. దాంతో పళ్లు ఒక వైపుకు కొక్కెంలా వంగుతాయి. అలాంటి పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అది కూడా త్వరగా పాడవుతుంది. మూడూ ఒకేసారి మార్చమనడానికి కారణం ఇదే తప్ప షాపువాళ్ల లాభం కాదు. అడ్జస్టర్ చివరికొచ్చాక రెండు లింకులు కోసేసి మళ్లీ బిగించడం రోడ్డు పక్కన తరచూ జరిగే పని. దానివల్ల వదులు తగ్గుతుంది కానీ పిన్నుల మధ్య పెరిగిన దూరం తగ్గదు.

మార్పిడి

ముందు వైపు స్ప్రాకెట్ బోల్టులను పాత చైన్ ఉండగానే వదులు చేయాలి. గేరులో పెట్టి వెనక బ్రేకు తొక్కి పడితే షాఫ్ట్ తిరగకుండా ఆగుతుంది. చైన్ తీసేశాక ఆ పట్టు దొరకదు. చిన్న బళ్లలో ఈ స్ప్రాకెట్‌ను రెండు చిన్న బోల్టులతో ఒక పలక పట్టి ఉంచుతుంది. బోల్టులు తీసి పలకను కాస్త తిప్పితే గాడుల్లోంచి జారి వచ్చేస్తుంది. కవర్ లోపల గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడిన మడ్డిని గీకేయకపోతే కొత్త చైన్ దాన్ని మళ్లీ నూరుకుంటుంది.

ముందు వైపు కొత్త స్ప్రాకెట్ ఎక్కించి, కొత్త చైన్ కొసను పాత చైన్ కొసకు తగిలించి లాగితే అది దానంతటదే లోపల తిరిగి వస్తుంది. వెనక స్ప్రాకెట్ మార్చడానికి చక్రం ఊడదీసినప్పుడే డ్రమ్ రబ్బర్లు కూడా చూడాలి. అవి నలిగిపోతే గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు వస్తుంది, నింద మాత్రం చైన్ మీద పడుతుంది. చైన్ కొసలను కలిపే లింకు మీది లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే దిశకు ఉండాలి. తిరగబడితే రాయి తగిలినా ఊడిపోగలదు.

వదులు ఎంత ఉండాలో బండి మాన్యువల్ చెబుతుంది. కమ్యూటర్ బళ్లకు సుమారు 20 నుంచి 30 మిల్లీమీటర్లు. చక్రం తిప్పుతూ అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట కొలవాలి. మరీ బిగిస్తే మనిషి ఎక్కి సస్పెన్షన్ దిగినప్పుడు చైన్ ఇంకా లాక్కుని బేరింగులను తింటుంది. కీళ్ల దగ్గర రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్‌ను పెట్రోలుతో కడగకూడదు. అది రింగులను పాడుచేస్తుంది. కిరసనాయిలు చాలు.

గేరింగ్

వెనక పళ్లను ముందు పళ్లతో భాగిస్తే వచ్చేదే చివరి నిష్పత్తి. ముందు 14, వెనక 42 పళ్లుంటే అది 3. ముందు 15 వేస్తే 2.8 అవుతుంది. అప్పుడు టాప్ గేరులో ఇంజన్ నిమిషానికి 6000 సార్లు తిరిగే వేగానికి 5600 సార్లు తిరిగితే సరిపోతుంది. ముందు 13 వేస్తే అదే వేగానికి దాదాపు 6460 కావాలి. ముందు ఒక పన్ను ఇక్కడ వెనక మూడు పళ్లకు దాదాపు సమానం: వెనక 39 వేసినా నిష్పత్తి సుమారు 2.79.

స్ప్రాకెట్ పళ్లు ఇంజన్ శక్తిని పెంచవు. నిష్పత్తి తగ్గిస్తే హైవే మీద ఇంజన్ నెమ్మదిగా, మోత లేకుండా నడుస్తుంది కానీ పికప్ పోతుంది. చిన్న ఇంజన్‌కు టాప్ గేరును లాగే బలం చాలక, ఐదో గేరు కన్నా నాలుగో గేరులోనే ఎక్కువ వేగం రావచ్చు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగే బండికీ, రోజూ ఘాట్ రోడ్డు ఎక్కే బండికీ నిష్పత్తి పెంచడమే మేలు. ముందు స్ప్రాకెట్ చిన్నదైతే మాత్రం చైన్ మరింత గట్టిగా వంగి త్వరగా అరుగుతుంది. అందుకే వీలైతే వెనక పళ్లు పెంచడం మంచిది, దానికి చైన్ లింకులు చాలకపోవచ్చు. గేర్‌బాక్స్ దగ్గర సెన్సర్ ఉన్న బళ్లలో స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, ముందు చక్రం నుంచి కొలిచేవాటిలో తేడా రాదు.

పాత బుల్లెట్‌లో వెనక స్ప్రాకెట్, బ్రేక్ డ్రమ్ ఒకే పోత. అందుకే గేరింగ్ మార్చాలనుకునే బుల్లెట్‌వాళ్లు ముందు స్ప్రాకెట్‌తోనే సరిపెట్టుకుంటారు, వెనక పళ్లు అరిగితే డ్రమ్ మొత్తం కొనాల్సిందే.