మల్లెపూలు, పాలగడ్డ

మా కాట్పాడి వైపు తెలుగిండ్లలో బాలింతకు పాలు కట్టుకుంటే పెద్దవాళ్ళు రొమ్ముకు మల్లెపూలు కట్టేవాళ్ళు. ఉత్త అవ్వల మాట అని మేమూ నవ్వినవాళ్ళమే. 1918లో ఐడా స్కడర్ డాక్టరమ్మ ఆడపిల్లలకు వైద్యం చదువు మొదలుపెట్టిందే, ఆ వేలూరు సీఎంసీలోనే డాక్టర్లు ఈ పూలను పరీక్ష చేసి 1988లో అచ్చు వేసినారు. బ్రోమోక్రిప్టిన్ మాత్ర మాదిరే పూలు కూడా పాలను, రొమ్ము బిగువును తగ్గించినాయి.

తగ్గించినాయి! మనం మరిచింది అదే. అవి పాలు ఎండగట్టే పూలు. బిడ్డ పోయిన తల్లికి కట్టేవి. మా కోడలికి ఒకపక్క గడ్డ కడితే, తేడా తెలియక మేమే నాలుగు మూరలు కొనుక్కొచ్చి ఇచ్చినాము. రెండు దినాల్లో పాలు తగ్గి పసిబిడ్డ ఒకటే ఏడుపు. కోడలు ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

నర్సమ్మ పూలు తీయించింది. బిడ్డకు ఎప్పటిమాదిరే పాలివ్వమంది, గట్టిగా పిసకొద్దంది, చల్లని తడిగుడ్డ వేయమంది. జ్వరం, ఎరుపు వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పొమ్మంది. గడ్డ మూడోనాటికి కరిగింది. పాలు మళ్ళీ నిండుగా పడేదానికి వారం పట్టింది.