ఎనిమిదిమంది కుర్రవాళ్లు

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరి కోసం గోదావరి జిల్లాల్లో వెతుక్కోవాలి. మే 15న ఆయన పుట్టినరోజుకి దండలు పడతాయి. గోదావరిలో మునిగి ఆయనకి తర్పణం వదిలేవాళ్లూ ఉన్నారు. నాకేమీ అభ్యంతరం లేదు. ఆయన తవ్వించిన కాలువల పుణ్యమాని ధవళేశ్వరంలో ఇంజనీరుగా జీతం తీసుకుని, పిల్లల్ని చదివించుకున్నవాణ్ణి. కానీ విగ్రహంలో ఒక్కడే ఉంటాడు. ఆనకట్ట ఒక్కడి పని కాదు. ఆ మాట అందరికంటే ముందు తెలిసినవాడు కాటనే.

1832-33లో నందన కరువు, 1839లో ఉప్పెన. ఆ రెండు దెబ్బలకీ ఈ జిల్లా కుదేలైంది. పక్కనే నది సముద్రంలోకి పోతోంది, పొలాలు ఎండుతున్నాయి. 1844లో కాటన్ ఆనకట్ట కోసం మొదటి నివేదిక రాశాడు, 1846 చివర్లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకున్నారు, 1847లో పని మొదలైంది.

అప్పటికి ఆయన కావేరి మీద పాఠం నేర్చుకుని వచ్చాడు. ఇసుక నదిలో అడుగున రాతి నేల దొరకదు. మరి గోడ దేనిమీద నిలుస్తుంది? దానికి జవాబు కావేరి మీద, కరికాల చోళుడి పేరుతో చెప్పుకునే పాత ఆనకట్ట కల్లణై దగ్గర దొరికింది. వదులు రాళ్లు ఇసుకలోకి దిగినంత దిగి, ఇక దిగలేని చోట ఆగి, మీద కట్టడానికి పునాది అవుతాయి. 1836లో కావేరి పాయ కొల్లిడం మీద తన ఆనకట్టకి ఆ అనుభవాన్నే వాడుకున్నాడు. పేరు తెలియని తమిళ మేస్త్రుల పనితనం, వందల ఏళ్ల తరవాత ఒక ఇంగ్లీషు ఇంజనీరు చేతుల మీదుగా మన గోదావరికి వచ్చింది. ఆ పాతకాలపు కట్టడం దగ్గరే నేర్చుకున్నానని ఒప్పుకోవడానికి ఆయన మొహమాటపడలేదు.

ఇక అసలు సంగతి. పని మొదలుపెట్టేటప్పుడు ఆయన మనుషుల కోసం రాసిన కోరిక ఉంది. ఆరుగురు ఇంజనీర్లు కావాలన్నాడు. రెండువేలమంది తాపీ పనివాళ్లు కావాలన్నాడు. ఆ రెంటికీ మధ్యలో, పని నేర్పడానికి ఎనిమిదిమంది కుర్రవాళ్లని ఇవ్వమన్నాడు. వచ్చిందేమిటయ్యా అంటే, నేర్పడానికి ఒక్క కుర్రవాడు, ఇద్దరు అప్రెంటిసులు, చెదురుమదురుగా కొందరు తాపీవాళ్లు. డెల్టా పనుల చరిత్రని 1896లో పుస్తకంగా తెచ్చిన వాల్ష్ అనే చీఫ్ ఇంజనీరు ఈ లెక్క చెప్పాడు. చదివిన ప్రతిసారీ నాకు ఆ ఎనిమిది అంకె దగ్గరే చూపు ఆగుతుంది. రాయి, సున్నం, ఇటుకలతో పాటు రేపటి పనివాణ్ణి కూడా పనికి కావలసిన సామగ్రిలో రాసుకున్నాడు ఆ మనిషి.

అడిగినవాళ్లు రాలేదు కాబట్టి ఉన్నవాళ్లనే తయారు చేసుకోవలసి వచ్చింది. కూలీలు 10 వేల మంది, వడ్రంగులు 500, కమ్మరులు 500 అని చెప్పుకుంటారు. నది కూడా కొంత సాయం చేసింది. ధవళేశ్వరం దగ్గర లంకల వల్ల గోదావరి నాలుగు పాయలుగా చీలుతుంది. అందుకని ఒక్క ఆనకట్ట కాదు, నాలుగు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగూ కలిపితే 3.6 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పెద్ద పనిని నాలుగు ముక్కలు చేసి, నాలుగు చోట్ల నాలుగు జట్లని దించే వీలు నదే ఇచ్చింది.

ఆ పని ఎలాంటిదో చెబుతాను. గుండ్రంగా ఇటుక నుయ్యి కడతారు. దాని లోపల ఇసుక తోడుతూ ఉంటే నుయ్యి దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. చెప్పడానికి తేలికే. తోడేవాడు ఒక పక్క ఎక్కువ తీశాడా, నుయ్యి ఒరుగుతుంది. పైన మట్టం చూసేవాడు అరవాలి, లోపలివాడు వినాలి. పైవాడి కంటిమీద లోపలివాడికి నమ్మకం ఉండాలి. ఇలాంటి నూతుల వరస మీద గోడ లేస్తుంది. కొండ దగ్గర రాయి పగలగొట్టే ముఠా ఒకటి, పట్టాల మీద బళ్లలో ఆ రాయిని ఏటికి చేర్చే ముఠా ఒకటి, పడవల మీద అవతలి పాయకి తోలేవాళ్లు కొందరు, గానుగ సున్నం నూరేవాళ్లు కొందరు. ఒక ముఠా ఆలస్యమైతే వెనకున్న ముఠాలన్నీ చేతులు కట్టుకు కూర్చోవలసిందే. పైగా జూన్ దాటితే ఎర్రనీరు వస్తుంది. కట్టినంతవరకు వరద పైనుంచి పారినా కొట్టుకుపోకుండా రాయి పేర్చి పెట్టాలి. నదికి గడువు పొడిగించమని అర్జీ పెట్టుకోలేం కదా.

ఆ పదివేలమందిని కూడగట్టి, పని దగ్గరే ఉండి నడిపించినవాడు వీణెం వీరన్న. సబ్ ఓవర్సీరు. దొర మాట కూలీకి, కూలీ బాధ దొరకి చేరవేసిన మనిషి ఆయనే. తరవాత రాయ్ బహదూర్ అన్నారు. 1867లో పోయాడు. కాటన్‌కి ఊరూరా విగ్రహాలుంటే వీరన్నకి ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టచ్చు.

జట్టు గట్టిదా కాదా అన్నది నాయకుడు లేనప్పుడు తేలుతుంది. 1848లో కాటన్ ఆరోగ్యం పాడై సెలవు మీద దేశం దాటి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి 1850. మధ్యలో పని ఆగిందా? ఆగలేదు. ఆయన కింద పనిచేస్తున్న ఓర్ నడిపించాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది.

అక్కడితో అయిపోలేదు. ఆ ఏడే ఓర్ బెజవాడ వెళ్లి కృష్ణ మీద ఆనకట్ట పని పట్టాడు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య 1855కల్లా అది లేచింది. ఇప్పటి ప్రకాశం బ్యారేజీకి ముందున్నది అదే. ఇదే జట్టులోని హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు కోనసీమలోని గన్నవరం దగ్గర గోదావరి వైనతేయ పాయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి రాజోలు వైపు లంక భూములకి నీళ్లు దాటించాడు. కావేరి దగ్గర నేర్చుకున్నది గోదావరికి, గోదావరి దగ్గర నేర్చుకున్నది కృష్ణకి వెళ్లింది. ఆనకట్ట ఒకచోటే ఉంటుంది, దాన్ని కట్టినవాడి నేర్పు మాత్రం వాడితో ప్రయాణం చేస్తుంది.

పాత ఆనకట్ట స్థానంలో 1970 తరవాత కొత్త బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం వైపు 70, ర్యాలికి 43, మద్దూరుకి 23, విజ్జేశ్వరానికి 39, మొత్తం 175 గేట్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నది చదవడం నేర్పింది ఏ కాలేజీ ప్రొఫెసరూ కాదు, గేట్లు చూసుకునే ఒక లస్కరు. గేజి దగ్గర నుంచుని నీటి రంగు, నురగ, కొట్టుకొచ్చే చెత్త చూసి భద్రాచలం కబురు అందేలోపే మట్టం ఎటు పోతుందో చెప్పేవాడు. నేను "ఏమయ్యా" అని పిలిస్తే "బాబూ, ముందు నీళ్లు చూడండి, తరవాత పుస్తకం రాయండి" అనేవాడు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు నాకూ కంఠతా వచ్చు. ఆ అంకె వచ్చేలోపు ఏ పాయలో ఏ గేటు ఎంత లేపాలో మాత్రం అతనికే వచ్చు. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులు పోయినప్పుడు బ్యారేజీని నిలబెట్టినవి మోటార్లూ ఇనుమూ మాత్రమే కాదు, ఇలాంటి వాళ్లు కూడా.

ఇప్పుడు ప్రాజెక్టు అంటే టెండరు, గడువు, బిల్లు. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో టీమ్ వర్క్ మీద స్లైడ్లు చూపిస్తారు, మంచిదే. కానీ పనిచోట చూస్తే లస్కరు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ. వర్క్ ఇన్‌స్పెక్టరు పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. కాంట్రాక్టరు కూలీలు ఈ ఏడు వచ్చినవాళ్లు వచ్చే ఏడు రారు. పని నేర్చుకున్నవాడు వెళ్లిపోతాడు, కొత్తవాడికి నేర్పే పాతవాడు ఉండడు. గేటు పాడైతే కొత్తది బిగిస్తాం. ఆ గేటుని ఎరిగిన మనిషిని ఏ టెండరులో కొంటాం?

కాటన్‌కి నిజంగా మొక్కాలనుకునేవాళ్లకి నాదొక మనవి. ఏ పెద్ద పనికైనా ఎస్టిమేటు వేసేటప్పుడు సిమెంటు, ఇనుము, డీజిలు లెక్క రాశాక ఇంకో వరస చేర్చండి: పని నేర్చుకోవడానికి ఎనిమిదిమంది కుర్రవాళ్లు, వాళ్ల జీతం, వాళ్లకి నేర్పే పెద్ద మేస్త్రి జీతం. ఆడిట్ వాళ్లు ఎర్ర సిరాతో కొట్టేసినా సరే, మళ్లీ రాయండి. ఆయనకీ అడిగినంత ఇవ్వలేదు. అయినా అడగడం మానలేదు, వచ్చిన ఒక్కడికీ నేర్పడం మానలేదు.