యు-559 సర్వీసు రిజిస్టరు

సర్వీసు రిజిస్టరు అంటే ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. చేరిన తేదీ, పనిచేసిన చోట్లు, చివరి రోజు. రెండవ ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ జలాంతర్గామి యు-559 చరిత్రను కూడా ఆ వరుసలోనే చెప్పుకోవచ్చు.

హాంబర్గులో తయారైన ఈ జలాంతర్గామి 1941 ఫిబ్రవరి 27న నౌకాదళంలో చేరింది. దాని కమాండరు హాన్స్ హైడ్ట్‌మన్. ఆ ఏడాదే మధ్యధరా సముద్రంలో ప్రవేశించి, నవంబరు 27న టోబ్రుక్ సమీపంలో ఆస్ట్రేలియా యుద్ధనౌక పారమట్టాను టార్పెడోతో ముంచివేసింది. 138 మంది మరణించగా 24 మంది మాత్రమే బయటపడ్డారు.

1942 అక్టోబరు 30న పోర్ట్ సయీద్‌కు ఈశాన్యాన దాని వంతు వచ్చింది. అయిదు బ్రిటిష్ డిస్ట్రాయర్లు గంటల తరబడి వెంటాడి, నీటిలోతున పేలే బాంబులు వేయగా, రాత్రివేళ అది పైకి తేలింది. సిబ్బంది దానిని వదిలి సముద్రంలోకి దూకారు.

అప్పుడు పెటార్డ్ నౌక నుండి లెఫ్టినెంట్ ఫాసన్, నావికుడు గ్రేజియర్ మునుగుతున్న ఆ జలాంతర్గామిలోకి దిగారు. క్యాంటీన్ సహాయకుడు టామీ బ్రౌన్ కూడా వారిని కలిశాడు. వయసు ఎక్కువ చెప్పి పనిలో చేరిన అతనికి అప్పటికి పదహారేళ్లే. లోపలి ఇద్దరూ అందించిన పుస్తకాలను అతడు పైకి చేరవేశాడు. ఇంతలో జలాంతర్గామి ఒక్కసారిగా మునిగిపోయింది. బ్రౌన్ దూకి బయటపడ్డాడు. ఆ ఇద్దరూ ఇక పైకి రాలేదు.

ఆ పుస్తకాలలో ఒకటి వాతావరణ సమాచారాన్ని పంపే సంకేతాల పుస్తకం. 1942 ఫిబ్రవరి నుండి జర్మన్లు అట్లాంటిక్‌లోని జలాంతర్గాములకు నాలుగు చక్రాల ఎనిగ్మా యంత్రాన్ని వాడుతున్నందున, వాటి సందేశాలు బ్లెచ్లీ పార్క్ నిపుణులకు కొరుకుడు పడలేదు. ఈ పుస్తకం ఆధారంగా డిసెంబరు 13న ఆ ముడి వీడింది. సరుకు ఓడలను ప్రమాదం లేని దారుల్లోకి మళ్లించే అవకాశం మళ్లీ దొరికింది.

ఫాసన్, గ్రేజియర్‌లకు మరణానంతరం జార్జ్ క్రాస్, బ్రౌన్‌కు జార్జ్ మెడల్ ఇచ్చారు. కాని అసలు సంగతి రహస్యంగానే ఉంచారు. 1970లలో ఎనిగ్మా కథ లోకానికి వెల్లడయ్యేనాటికి బ్రౌన్ లేడు. 1945లో, ఇంట్లో మంటలు చెలరేగినప్పుడు చెల్లెలిని కాపాడబోయి మరణించాడు.

మనలో ఎందరో చిన్న హోదాల్లోనే రిటైరయ్యాం. చేసిన మేలంతా ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు. అంతమాత్రాన అది జరగలేదని కాదు గదా!